ముసలివాళ్ళ అరుపులు

పారిస్, 6 ఫిబ్రవరి 1974

నన్ను పెంచిన సోయిజిక్ పెద్దమ్మకు,

రెండేళ్ళుగా నువ్వు నాతో మాట్లాడటం లేదు. ఇది పొయ్యిలో పడేసే ముందు ఒక్కసారి చదువు.

నా మొదటి రికార్డు తయారవుతోంది. పాటలు నేనే రాశాను, ఫ్రెంచిలో. బాణీలు మాత్రం మన ఊళ్ళో ఆడే బ్రెతోన్ నాట్యాలవి. నిన్న స్టూడియోలో ఒక పాదం పాడి ఆగాను. "ఏమ్మా, మాటలు మర్చిపోయావా?" అన్నాడు ఇంజనీరు. మళ్ళీ పాడాను, మళ్ళీ అక్కడే ఆగాను. నువ్వు అందుకుని అదే పాదం తిరిగి పాడతావని ఆగుతున్నాను పెద్దమ్మా! పద్నాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? చివరికి నా గొంతునే రెండోసారి ఎక్కించి నాకు జవాబుగా పెట్టారు. వింటే ఏడుపొచ్చింది.

రెండేళ్ళ కిందట ఆ రోజు ఊళ్ళో నాట్యం దగ్గర పారిస్ విలేకరి ఈ పాటేమిటని అడిగితే "ముసలివాళ్ళ అరుపులు" అన్నాను. పల్లెటూరి పిల్ల అనుకుంటాడని సిగ్గుపడ్డాను. నా వెనకే నువ్వున్నావు. తప్పు నాదే. ఒక్కసారి వచ్చి నాతో పాడవూ?

నీ అజెనోర్

పులావెన్, 11 ఫిబ్రవరి

అజెనోర్,

గురువారం రైలుకు వస్తున్నా. స్టేషన్లో ఉండు. అరవడానికి గొంతు బాగానే ఉంది.

సోయిజిక్

పులావెన్, 3 మే 1975

నా బంగారు అజెనోర్,

మనిద్దరినీ చెరో గదిలో నిలబెట్టి పాడమన్న నీ ఇంజనీరుకు నా దీవెనలు చెప్పు. చెయ్యీ చెయ్యీ పట్టుకోకుండా ఎలా పాడతామయ్యా అని నేను తిట్టిన తిట్లు అతనికి ఇంకా గుర్తున్నాయేమో పాపం!

నీ రికార్డు వచ్చాక ఊళ్ళో కుర్రకారు నా గుమ్మం వదలడం లేదు. గిటార్లు పట్టుకుని వస్తారు, పాదం అందుకోవడం నేర్పమంటారు. మనలా పాడే జంటలు ఏడు తయారయ్యాయి. నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోప్పడకు. నీ పాటల్లో నావికుడి పెళ్ళాం పాట ఉందే, దాన్ని ఫ్రెంచి నుంచి మన బ్రెతోన్ భాషలోకి మార్చి వాళ్ళకు నేర్పాను.

నిన్న ఊళ్ళో ఒక పెళ్ళిలో అదే పాడారు. మూడొందలమంది చేతులు పట్టుకుని ఆడారు. పక్కనున్న లానిగ్ ముసలాడు కళ్ళు తుడుచుకుంటూ, "ఇది మా నాయనమ్మ పాడేది. నా చిన్నప్పుడు విన్నా" అన్నాడు. కాదురా, మా పిల్ల రాసిందన్నాను. "నోర్ముయ్, నీకేం తెలుసు! ఇలాంటి పాటలు ఇప్పుడెవరు రాయగలరు?" అని పదిమందిలో నన్ను కసిరాడు.

ఒట్టు, జీవితంలో మొదటిసారి వాడితో వాదించకుండా ఊరుకున్నాను.

నీ పెద్దమ్మ
సోయిజిక్