ఏడో వంతెన దాటాక పలకండి

సెప్టెంబర్ 3

ఈ రోజు గ్రూప్‌లో పదకొండు మంది. అందరూ ఒసాకా వాళ్ళే, ఇక గోలకి కరువేముంది. మా కనజావాలో ఏం చూపించినా ఇంతకన్నా పెద్దది మా ఊళ్ళో ఉందంటారు. టీ ఇళ్ళ వీధి తిప్పాను. బంగారు రేకు అతికించిన ఐస్‌క్రీమ్ తినిపించాను. చివర్న అసానో నది గట్టున నిలబెట్టి ఏడు వంతెనల సంగతి చెప్పాను. పగలూ రాత్రీ సమానమయ్యే హిగాన్ రోజున, కొత్త తెల్ల లోబట్టలు వేసుకుని, పైనున్న వంతెన నుంచి కిందికి ఏడూ దాటాలి. నోరు విప్పకూడదు. వెనక్కి చూడకూడదు. నడిచిన దారిన మళ్ళీ నడవకూడదు. అలా దాటినవాళ్ళు మంచాన పడరు, ఒకరి చేత చేయించుకోరు.

వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఎలాగండీ అని ఒక లావుపాటాయన అడిగాడు. ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఏడో వంతెన దాటాక పలకండి, అంతవరకూ మీ ఆవిడ పిలిచినా మీకు చెవుడే అన్నాను. మా ఇంట్లో పాతికేళ్ళుగా అదే పద్ధతి అన్నాడాయన. అందరూ నవ్వారు. గైడ్ బ్యాడ్జ్ పెట్టుకుని పన్నెండేళ్ళయింది, ఈ జోకు ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

సెప్టెంబర్ 6

అక్క ఈసారి తనూ నడుస్తుందిట. డెబ్బై నాలుగేళ్ళు. వీధి చివర టోఫూ కొట్టుకి వెళ్ళడానికే రెండుసార్లు కూర్చుంటావు, ఏడు వంతెనలు ఎలా దాటతావే అన్నాను. కర్రతో చెక్క నేల మీద మూడుసార్లు కొట్టింది. టక్ టక్ టక్. మా ఇంట్లో ఆ చప్పుడుకి అర్థాలు మూడు. ఇటు రా. నోరు ముయ్యి. త్వరగా కానీ. ఏది ఎప్పుడో నేనే కనిపెట్టుకోవాలి.

రాత్రి భోజనాల దగ్గర అసలు మాట బయటపెట్టింది. అమ్మ వెనకగదిలో తొమ్మిదేళ్ళు మంచాన ఉంది. అక్క పక్కకి తిప్పేది, నేను తుడిచేదాన్ని. చివరి ఏళ్ళలో అమ్మ మా మొహాలు చూసేది కాదు, సిగ్గుతో గోడవైపు తిరిగిపోయేది. నాకు చావంటే భయం లేదు ఫుమీ, నీ చేత తుడిపించుకోవడమంటేనే భయం అంది అక్క. 

సెప్టెంబర్ 10

తెల్లబట్టలు రెండు జతలు తెచ్చింది. నాకెందుకే అంటే, పన్నెండేళ్ళుగా ఊరందరికీ నీతులు చెప్తావు, నువ్వు మాత్రం ఒక్కసారీ నడవలేదు, నీది వంటమనిషి పస్తున్నట్టు ఉంది అంది. నిజమే. నాకు నమ్మకం లేదు. ఆ మాట గ్రూప్‌లకి చెప్పను.

నడక అయ్యాక ఆ బట్టలు ఒక్కసారి ఉతికి పెట్టెలో దాచాలి. చివరి జబ్బులో తొడిగితే ప్రాణం సుఖంగా పోతుందంటారు. నా జత నీ జతతో కలిపెయ్యకు, నీకు అన్నీ కలిపేసే అలవాటు అని కూడా అంది.

సెప్టెంబర్ 14

పొద్దున్న అన్నం తింటూంటే అక్క కుడిచేతిలోంచి తినే పుల్లలు జారిపోయాయి. తీసిచ్చాను. మళ్ళీ జారాయి. చూస్తే పెదవి కుడివైపు కిందికి వాలి ఉంది, సూప్ గడ్డం మీదికి కారుతోంది. అయిదు నిమిషాల్లో అంతా మామూలైపోయింది. ఆస్పత్రికి పోదాం పద అన్నాను. ఒంటికాలి మీద లేచింది. హిగాన్ ముందు ఆస్పత్రి గడప తొక్కితే ఇక నడకెందుకూ, దాటి వచ్చాక ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానంది.

సరే అన్నాను. తొమ్మిది రోజులే కదా.

సెప్టెంబర్ 18

అక్క చెక్కచెప్పు వారు పుటుక్కున తెగింది, అపశకునం అంటారు. ఇద్దరం చూశాం. ఇద్దరం చూడనట్టే ఊరుకున్నాం.

సెప్టెంబర్ 21

గట్టు మీద ఎర్రటి హిగాన్ పూలు ఈసారి ముందే విరగబూశాయి. గ్రూప్‌లో ఒకామె కోసుకోబోతే వద్దన్నాను. ఇంట్లోకి తెస్తే కొంప అంటుకుంటుందని మా అమ్మ అనేది.

అక్క మౌనం అభ్యాసం చేస్తోంది. సాయంత్రం నుంచి మాట లేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. సోయా సీసా కోసం కర్ర కొట్టింది. నేను గిన్నెలు కడుగుతూ విననట్టు ఊరుకున్నాను. కాసేపు కొట్టనీ అనుకున్నాను.

సెప్టెంబర్ 23, మధ్యాహ్నం రెండు

పూర్ణం ముద్దలు చేసి అమ్మ ఫోటో ముందు పెట్టాం. నాలుగింటికి బయలుదేరతాం. అర్ధరాత్రి నడవాలని పాతవాళ్ళ మాట గానీ, చీకట్లో అక్క కళ్ళు ఆనవు. ముందు నేను, వెనక తను. మధ్యలో నేను ఆగినా నువ్వు ఆగకు, ఒకరి నడక చెడితే ఇద్దరిదీ చెడుతుంది అని మాట తీసుకుంది. ఇచ్చాను.

సెప్టెంబర్ 24, ఆస్పత్రి వరండా

అన్నీ రాసేస్తాను. తర్వాత నాకు నేనే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాను, అందుకే ఇప్పుడే.

నాలుగు వంతెనలు బాగానే దాటాం. వెనక కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయిదోది నాకా అనే వంతెన, చెక్క రెయిలింగ్. నేను అవతలి ఒడ్డుకి చేరుతూంటే టక్ టక్ టక్. త్వరగా కానీ అంటోంది కాబోలనుకున్నాను. ఇంత మెల్లగా నడుస్తూ నన్ను తొందరపెడుతుందేమిటని కోపం కూడా వచ్చింది. అడుగు వేగం పెంచాను. మళ్ళీ మూడు. ఈసారి మెల్లగా.

ఆరో వంతెన మీద వెనక చప్పుడు లేదు. కూర్చుని ఉంటుందిలే అనుకున్నాను. ఆగకూడదని మాటిచ్చాను కదా. ఏడోది దాటి వెనక్కి తిరిగాను. రోడ్డు ఖాళీ.

అప్పుడైనా పరిగెత్తానా. నడిచిన దారిన మళ్ళీ నడవకూడదు. అందుకని సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. నమ్మకం లేనిదాన్ని, చుట్టూ తిరిగి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వచ్చి ఉంది. టోఫూ కొట్టావిడ నాగయ్ గారు ఏడుస్తోంది. అక్క రెయిలింగ్‌కి చేరగిలబడి కూర్చోవడం తను ఎప్పుడో చూసిందట. హిగాన్ నడకలో ఉన్న మనిషిని పలకరించి చెడగొట్టకూడదని, వంగి దణ్ణం పెట్టి పక్కనుంచి దాటిపోయిందట. ఆవిడ ఒక్కర్తే కాదు, ఇంకా ఆరేడుగురు. అందరూ మా వీధివాళ్ళే, మర్యాద తెలిసినవాళ్ళే. చివరికి మా పద్ధతులేవీ తెలియని ఒసాకా కాలేజీ పిల్ల ఒకతి, ఏమైంది బామ్మా అని అడిగింది.

ఎన్నింటికి మొదలైందని డాక్టర్ అడిగాడు. అయిదో వంతెన మీద అన్నాను. టైమ్ చెప్పండి అన్నాడు. నా దగ్గర టైమ్ లేదు. స్ట్రోక్‌లో నిమిషాలే ముఖ్యం అని మాత్రం అన్నాడు. నర్సు కత్తెరతో కోసిన తెల్లబట్టలు ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చింది.

అక్క నన్ను పిలవలేదు. నోరు అప్పటికే పడిపోయిందో, నా నడక చెడుతుందని పిలవలేదో తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు.

అక్టోబర్ 2

అక్కకి మాట రాదు. కుడివైపు లేదు.

నవంబర్ 1

కెన్రోకు తోటలో మంచు బరువుకి విరక్కుండా పైన్ కొమ్మలకి తాళ్ళు కట్టడం మొదలైంది. ఫోటోలకి ఎగబడ్డారు జనం. గ్రూప్‌ని నది వైపు తీసుకుపోకూడదనే అనుకున్నాను. వాళ్ళే అడిగారు. వెనక నుంచి పిలిస్తే ఎలాగ అని ఎవరో అన్నారు. నా నోరు దానంతటదే ఆ జోకు చెప్పేసింది. అందరూ నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

బ్యాడ్జ్ ఆఫీసులో ఇచ్చేశాను.

జనవరి 15

అక్కని ఇంటికి తెచ్చాను. వెనకగదిలోనే, మంచం ఇంకెక్కడా పట్టదు. తుడుస్తూంటే గోడవైపు తిరిగిపోయింది. అచ్చం అమ్మే. నేనూ గోడవైపే చూశాను.

ఫిబ్రవరి 9

ఎడమచేతికి కర్ర ఇచ్చాను. ఇవ్వకపోయినా బాగుండేది. మంచం పట్టె మీద టక్ టక్ టక్. పరిగెత్తుకెళ్తాను. నీళ్ళా అంటే కాదు. దుప్పటా అంటే కాదు. ఏమీ అక్కర్లేదు. నేను తిరిగి వస్తానో లేదో చూస్తోంది, అంతే. నిన్న లెక్కపెట్టాను, నలభై ఒక్కసారి. నలభై ఒక్కసారీ వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ తలుపువైపే చూస్తూ ఉంటుంది, కన్ను ఆర్పకుండా. నాకు భయం వేస్తోంది. మా అక్కంటే నాకు భయం.

మార్చి 18

రెండు రోజులుగా గంజి కూడా మింగడం లేదు. కర్రతో పెట్టెవైపు చూపించింది. తెరిచాను. నా తెల్లబట్టలు, ఏడూ దాటినవి. అవి నావే అక్కా, నీవి కత్తెరకి పోయాయి అన్నాను. టక్ టక్ టక్. కలిపెయ్యకు అన్నదెవరు నువ్వే కదా అన్నాను. సగం మొహంతో నవ్వింది. ఆర్నెల్లకి మొదటిసారి.

తొడిగాను. ఈసారి గోడవైపు తిరగలేదు.

మార్చి 20, హిగాన్

పొద్దున్నుంచి కర్ర చప్పుడు లేదు. వెనకగది తలుపుకి వీపు పెట్టి కూర్చుని ఇది రాస్తున్నాను. ఇప్పుడు వెనక్కి తిరుగుతాను.