పార్కులో గొలుసు విప్పిన కుక్క

హన్మకొండ,
మంగళవారం.

అన్నయ్యకు, వదినకు చెల్లెలు సుగుణ దండం పెట్టి రాస్తున్న సంగతులు. మీరంతా బాగున్నారా? వదిన నడుం నొప్పి ఎలా ఉంది? మిరపకు తెగులు పట్టిందని రాశావు, మందు కొట్టాక ఏమైనా తేరుకుందా? ఇక్కడ మేం ముగ్గురం క్షేమమే. నిజంగానే క్షేమం, పద్మ కూడా. ఈ మాట ముందే రాస్తున్నాను. లేకపోతే మిగతాది చదివి నువ్వు అన్నం ముందు నుంచి లేచి బస్సెక్కుతావు.

ఇన్ని రోజులు ఉత్తరం రాయకపోవడానికి కారణం ఉంది. పద్మను కుక్క కరిచింది. కంగారు పడకు, సూదులన్నీ అయిపోయాయి. చేతి మీద పుండు కూడా మానింది.

మేముండేది ఒక్క గది అని నీకు తెలుసు. మీ బావ మిల్లు నుంచి వచ్చి పడుకుంటే పిల్ల కాలు చాపడానికి చోటుండదు. అందుకే సాయంత్రం పూట దాన్ని కొత్త పార్కుకు తీసుకుపోయేదాన్ని. జారుడుబండ, ఉయ్యాల, పచ్చగడ్డి. ఇక్కడి నల్లా నీళ్ళు నాకు నచ్చలేదు, రేషన్ బియ్యం నచ్చలేదు, పక్క గదిలో మనిషి మూలిగినా తలుపు తియ్యని మనుషులు నచ్చలేదు. పార్కు ఒక్కటే నచ్చింది. అదీ దక్కలేదు.

అక్కడికి రోజూ ఒక వకీలు గారు వస్తారు. చేతిలో గొలుసు, గొలుసుకు దూడంత ఆల్సేషన్ కుక్క. పేరు టైగర్. గేటు దాటగానే గొలుసు విప్పేస్తారు. ఇక గొలుసు ఆయన భుజం మీద, కుక్క మా పిల్లల మీద. గేటుకు కుక్కలను తేరాదని బోర్డు ఉంది. వాచ్‌మన్ మల్లయ్య ఆ బోర్డు కిందే నిలబడి ఆయనకు నమస్తే పెడతాడు. వీధికుక్క దూరితే మాత్రం కర్ర తీసుకుని తరుముతాడు. మేం పిల్లల్ని దగ్గరికి లాక్కుంటే వకీలు గారికి నవ్వు. “ఏం గాదమ్మా, మావోడు పిల్లలతోటి ఆడుకుంటడు” అంటారు.

ఆ రోజు అది పద్మ మీదికి ఉరికొచ్చింది. మన పిల్ల ఏం చేస్తుంది? చిన్నప్పుడు నువ్వూ నేనూ చేసిందే చేసింది. పారిపోకుండా నిలబడి, రాయి కోసమన్నట్టు కిందికి వంగింది. మన ఊరి కుక్కలైతే మనిషి వంగితే చాలు, తోక ముడిచి పోతాయి. రాయి దొరకాల్సిన పని కూడా లేదు. కానీ ఈ కుక్కకు పుట్టినప్పటి నుంచి పాలు, మాంసమే తప్ప రాయి అంటే తెలియదు. పిల్ల వంగేసరికి మీద పడి మోచేతి కింద పట్టుకుంది. నా కొంగు దాని నోట్లో కుక్కి ఎలా విడిపించానో నాకే తెలియదు.

పిల్ల చేతి నుంచి నెత్తురు కారుతుంటే వకీలు గారు ముందు కుక్కను తడిమి చూసుకున్నారు, దెబ్బ తగిలిందేమోనని. తర్వాత నా వైపు తిరిగారు.

“నీ బిడ్డ రాయి ఎందుకు వట్టుకున్నది?”

“రాయి లేదు సార్, ఒట్టి చెయ్యే. మీరు గొలుసెందుకు ఇప్పిండ్రు?” అన్నాను.

ఆయన అటు తిరిగి మల్లయ్యను పిలిచారు. “నువ్వు సూసినవ్ గద, ముందు వంగింది ఎవరు?”

మల్లయ్య నేల చూపులు చూస్తూ “పిల్ల వంగిన మాట నిజమే సార్” అన్నాడు. అంతే, కేసు అక్కడే కొట్టేశారు.

దవాఖానలో డాక్టరు గారు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నారు. “కుక్క ఎవరిదో ఎరుకేనా అమ్మా? అయితే పది దినాలు దాన్ని కనిపెట్టుకోని ఉండు. అది మంచిగుంటే సూదులు నడుమనే ఆపేద్దాం” అన్నారు.

ఇక చూడు అన్నా నా బతుకు. ఏ కుక్క చావాలని తిట్టుకున్నానో, అది బతికుందో లేదో చూడడానికి రోజూ వకీలు గారి ఇంటి గేటు ముందు నిలబడ్డాను. మొదట్లో లోపల మొరుగుడు వినపడేది. అది వింటే నాకు ఎంత ధైర్యమో! ఒకరోజు చప్పుడు లేదు. ఆయన భార్య బయటికొచ్చి, “కుక్క లేదు, పో. రోజొచ్చి నిలవడి మా టైగర్‌కు పిచ్చి లేసిందని పేరు వెడ్తవా?” అంది.

“ఎటు పోయిందమ్మా? బతికున్నదా? గంతే చెప్పుండ్రి” అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. తలుపు వేసుకుంది.

మీ బావ “పెద్దోళ్లతోటి మనకెందుకు, అన్ని సూదులు ఏపిద్దాం” అన్నాడు. పొడిపించుకునేది ఆయనా? నర్సు కనపడగానే పద్మ రెండు చేతులతో పొట్ట మూసుకునేది. ఆ చేతులు విడదీసి పట్టుకున్నది నేను. “ఇంక వంగనే అమ్మా, ఇంకెప్పుడూ వంగ” అని ఏడ్చేది. తప్పు తనదే అనుకుంది అన్నా. పద్నాలుగూ వేయించాను.

నిన్న పార్కు పక్క నుంచి వస్తుంటే టైగర్ కనపడింది. మెడకు గొలుసు లేదు, గడ్డిలో దొర్లుతోంది. ఇన్నాళ్ళూ చుట్టాల ఇంట్లో దాచారట. వకీలు గారు నన్ను చూసి నవ్వారు.

“సూసినవా, మావోనికి ఏ రోగం లేదు. నువ్వే ఊకె పరేషానైనవ్.”

“గా మాట అప్పుడే చెప్తే నా బిడ్డకు కొన్ని సూదులన్న తప్పేటియి గద సార్” అన్నాను. ఆయన ఈల వేసి కుక్కను పిలుచుకున్నారు.

కోపంతో ఒళ్ళు మండింది. కానీ నీ దగ్గర దాపరికమెందుకు, దాన్ని చూడగానే ముందు నా ప్రాణం లేచి వచ్చింది. నా బిడ్డకు ఏమీ కాదు అనుకున్నాను. కోపం ఆ తర్వాతే వచ్చింది. అదే నాకు రోతగా ఉంది.

నువ్వు ఆవేశపడి రావద్దు. మిరప కోతలయ్యాక నెమ్మదిగా రా, పద్మ నీ కోసం కలవరిస్తోంది. వదిన చేసే రోటి పచ్చడి కొంచెం సీసాలో పెట్టించుకుని రా. బాపుకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. మీరందరూ పద్మను చల్లగా ఉండమని దీవించండి.

ఇంకొక మాట, మీ బావకు కూడా తెలియదు. వకీలు గారి భార్య తలుపు వేసుకున్న రోజు అక్కడే రోడ్డు మీద నిలబడి సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. ఆ కుక్క ప్రాణంతో ఉంటే చాలు తల్లీ, జాతరకు వచ్చి పద్మ ఎత్తు బంగారం నీకు పెడతాను అని. తల్లి నా మాట విన్నది. ఇక ఎగ్గొట్టడానికి లేదు కదా. ఆ తల్లికి బెల్లమే బంగారం కదా, మరిపెడ అంగట్లో పద్మ బరువుకు సరిపడా మంచి బెల్లం చూసి పెట్టు అన్నా. నా బిడ్డను కరిచిన కుక్క చల్లగా ఉన్నందుకు నేను మేడారం పోయి మొక్కు తీర్చుకోవాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
సుగుణ