రిగో తిన్న తిట్లు

గౌరవనీయులైన అత్తగారు సొరైదా గారికి,

రాత్రి బడిలో ఆలస్యంగా నేర్చిన భాష నాది, తప్పులుంటే మన్నించగలరు. మామగారి సంస్మరణ ప్రార్థనకు ప్రసంగం నన్ను రాయమని, చదివే పని తోడల్లుడు రిగోబెర్తోకు ఇచ్చారు. అది కూడా నాకే ఇవ్వమని అడగడానికి కలం పట్టాను.

క్యూబా నుంచి అమెరికాలోని హయాలియాకు వచ్చిన మామగారు ఎవేలియో గారు ముప్పై ఏళ్లు పరుపులు కుట్టి మిమ్మల్నందరినీ పోషించారు. ఆదివారం ఏనాడూ ఇల్లు విడవలేదు. ఇదంతా ప్రసంగంలో రాశాను. రాయనిది ఒకటుంది.

డొమినో బల్ల దగ్గర ఆయన, "ఒరేయ్ రిగో, ఆ డబుల్ తొమ్మిది బిళ్ళ ఇంకా దాచావేంరా, పొదిగి పిల్లల్ని చేస్తావా?" అని అరిచేవారు.

"మీ అమ్మాయి వంట తిని బుర్ర పనిచేయడం లేదు మామా!" అని రిగో నవ్వేవాడు. వెంటనే మెడ మీద ఒక చరుపు, ఆయన కాఫీలో సగం వాటా.

నాతో మాత్రం, "పర్వాలేదు బాబూ, చదువుకుని అలసిపోయి ఉంటారు" అనేవారు. ఆ తిట్టు కోసం పద్దెనిమిదేళ్లు కావాలనే తప్పుగా ఆడాను.

నేను చదివితే అందరూ మర్యాదగా వింటారు. రిగో చదివితే ఆయన గొంతు వినిపిస్తుంది. ఇది ఒప్పుకోవడం నాకిప్పటికీ కంటగింపే.

మీరు చదివాక ఈ ఉత్తరం రిగోకే ఇవ్వండి. చర్చి అయినా సరే, ఆ తిట్టును కూడా గట్టిగా చదవమనండి.

ఇట్లు,
మీ పెద్దల్లుడు