ఎర్ర కారు, ఆఖరి ఖర్చుల డబ్బా

జనవరి 9, 1982

ఈ డైరీ ఓడల్లో సరుకు ఎత్తి దింపే స్టీవడోరు కంపెనీ వాళ్లు మా ఆయనకిచ్చింది. రిటైరై రెండేళ్లయినా మరిచిపోకుండా ఇచ్చారు. ఆయన బీరువా మీద పడేశారు, నేను తీసుకున్నాను. నా చదువు నాలుగో తరగతి. తప్పులు పోతే పోనీ, దిద్దేవాళ్లెవరున్నారు. ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి కడుపులో పెట్టుకుని ఎనిమిది నెలలైంది. ఇక్కడైనా దింపకపోతే బీపీ పెరిగి పోతాను.

కారు విషయంలో ఆయనకు అబద్ధం చెబుతున్నాను.

జనవరి 10

నిన్న అది రాశాక డైరీని బియ్యం డబ్బాలో దాచాను. ఎలుకలు కొడతాయేమోనని మళ్లీ తీసి పరుపు కింద పెట్టాను.

ఈయన హార్బరులో ముప్పైమూడేళ్లు క్రేను నడిపారు. తాటిచెట్టంత ఎత్తున చిన్న గదిలో కూచుని ఓడలు ఖాళీ చేశారు. యాభైతొమ్మిదిలో ఓ ఇంగ్లీషు దొర తన కారును ఓడలో తెప్పించుకున్నాడు. దాన్ని దింపింది ఈయనే. ఎర్రగా గాలిలో ఊగుతుంటే కళాసీలంతా పని ఆపి చూశారట. కోడిగుడ్డు దింపినట్టు దింపీసినాను అని ఇరవయ్యేళ్లుగా చెబుతూనే ఉన్నారు. నాకు కంఠతా వచ్చు.

రిటైరయ్యాక ఆ మనిషి నేల మీదికి దిగి ఏం చెయ్యాలో తెలియక కూలబడ్డారు. మాకు పిల్లల్లేరు. గోడకేసి చూస్తూ ఏడాది గడిపారు. వేడినీళ్లు పెట్టానంటే ఊఁ, అన్నం పెట్టానంటే ఊఁ. అంతే. అలాంటి మనిషి పోయిన మార్చిలో ఒకనాడు పరుగున వచ్చారు. ఒలే, ఆ దొర కారు గోడౌన్లో తుప్పుపట్టి ఉన్నాదే, నాలుగు వేలకిచ్చెత్తారట అన్నారు. అది పందేల్లో పరుగెత్తే జాతి కారట. రెండే సీట్లు. పైన కప్పు లేదు, గుడ్డ టాపు. రెండే సీట్లు, కప్పు లేని కారు సంసారులకెందుకండీ అన్నాను. మనం ఇద్దరవే కదేటి అన్నారు.

రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో మిగిలిన నాలుగు వేలూ లెక్కపెట్టి ఇచ్చాను.

జనవరి 12

ఐరన్ ఓర్ లారీలు. బ్రేకులు. గేదెలు రోడ్డుకడ్డం పడడం. ఆయన కళ్లద్దాలు. గాలికి చెవిపోటు. ఆ కారు ఇంటి దగ్గర్లేనంతసేపూ ఇవన్నీ వరసగా తలుచుకుంటాను. ఒకటి మరిచిపోతే సరిగ్గా అదే జరుగుతుందని భయం.

జనవరి 17

నా దగ్గర మూడు పాలపొడి డబ్బాలున్నాయి. ఒకటి ఆస్పత్రికి. రెండోది తుఫానుకి, ఇంటి రేకులు లేచిపోతే. మూడోది మా ఆఖరి ఖర్చులకి. కట్టెలు, పదో రోజు, పన్నెండో రోజు భోజనాలు, ఇద్దరికీ సరిపడా. పిల్లల్లేని వాళ్లం, మా శవాల దగ్గర ఎవరూ జేబులు తడుముకోకూడదని పద్నాలుగేళ్లుగా పాలు అమ్మి దాచాను. మూడు వేల రెండొందలయ్యాయి పోయిన మే నాటికి.

పోయిన మేలోనే కారు గేరుబాక్సు పోయింది. మెకానిక్కు వరహాలు ఆరువందల ఇరవై అన్నాడు. వాడి షెడ్డు సింధియా జంక్షను దాటాక. పెన్షన్లోంచి అంత తియ్యలేం, అమ్మేద్దాం అన్నారు ఈయన. అని మళ్లీ గోడకేసి తిరిగి కూచున్నారు.

మర్నాడు మూడో డబ్బా చెంగులో కట్టుకుని నేను వరహాలు దగ్గరికెళ్లాను. ఆయనకి అరవై అని చెప్పు, మిగతాది ఇదిగో అన్నాను. వాడు చెవులు మూసుకున్నాడు. ఓలమ్మో, నాను మెకానిక్కునమ్మా, డబ్బులెక్కువ సెప్పడం అలవాటు గానీ తక్కువ సెప్పడం రాదు అన్నాడు. బతిమాలితే ఒప్పుకున్నాడు. కాయితం మీద మాత్రం రాయనన్నాడు, అబద్ధం నోటితో అయితే గాల్లో పోతాదట.

ఆ సాయంత్రం ఈయన హారన్ కొట్టుకుంటూ వచ్చారు. అరవయ్యేనే అని వీధంతా వినపడేలా అరిచారు.

ఫిబ్రవరి 6

బ్యాటరీ. 310. ఆయనకు చెప్పింది: నీళ్లు పోశాం, పన్నెండు రూపాయలు.

ఫిబ్రవరి 19

ఈ కారుకి కార్బురేటర్లు రెండు. మామూలు కార్లకి ఒకటేనట. రెండూ ఒకదాని మీద ఒకటి అలుగుతాయి, తోడికోడళ్లలాగ. వరహాలు నెలకోసారి వాటికి రాజీ చేస్తాడు. ఉప్పుగాలి కింది రేకు తినేసి చిల్లు పెట్టింది. ఇంజనాయిలైతే తాగుడే. పెట్రోలుకి ఆయనే ఇస్తారు, అదొక్కటే నిజం లెక్క.

మార్చి 8

టైర్లు ఇక్కడ దొరకవు. మెడ్రాసు నుంచి లారీలో తెప్పించాడు. రెండిటికి 540. ఆయనకి పాతవి అతికించామని తొంభై చెప్పాడు. కొత్త టైరు నల్లగా మెరుస్తుంటే మట్టి రాసి పంపాడట. వరహాలు నాకంటే ఆరితేరాడు.

మార్చి 14

టీకొట్టు దగ్గర ఈయన గొప్పలు. స్కూటరు కంటె చౌక, నెలకి నలభై దాటదు అంటున్నారట. పక్కింటి జోగమ్మ వచ్చి, కిరేను నీలకంఠం గోరు మళ్లీ కుర్రోడైపోనాడే, మా ఆయన కుళ్లుకుంతన్నాడు అని నవ్వింది. నేనూ నవ్వాను. పది రోజులుగా కుడి కన్ను అదురుతోంది.

మార్చి 28

నా తమ్ముడు వీర్రాజు వచ్చాడు, అప్పా అప్పా అంటూ. స్టీల్ ప్లాంటుకి వాళ్ల భూములు పోయాయి. నష్టపరిహారంతో దువ్వాడ దగ్గర ఇల్లు కట్టుకోగా తొమ్మిది వేలు మిగిలింది. దున్నడం తప్ప ఇంకో పని తెలియని మనిషి. ఆ డబ్బు చెడకుండా ఏదో వ్యాపారం చెయ్యాలని ఆరాటం.

కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బావా, కప్పు లేని కారు దేనికి పనికొత్తాదో తెల్సా, పెళ్లికొడుకు ఊరేగింపుకి అన్నాడు. గాజువాక మొత్తం మీద ఇలాటిది ఒక్కటీ నేదు, పెళ్లికి నూటేభై ఇత్తారు అన్నాడు. ఈయన నవ్వి, ఖర్చు నెలకి నలభయ్యే వీర్రాజూ అన్నారు.

నేను కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికెళ్లిపోయాను.

ఏప్రిల్ 25

నిన్న గాజువాకలో ఒక పెళ్లికి, బేరం ఎలా ఉంటుందో చూద్దామని, ఈయనే నడుపుకుని వెళ్లారు. బ్యాండు ముందు, కారు వెనక. పరుగెత్తే కారు సాయంత్రమంతా సన్నాయి వెనక చీమలా నడిచింది. కాలు క్లచ్చి మీదే. రేడియేటరు మరిగి పొగలొస్తే పెళ్లివారు సాంబ్రాణి అనుకున్నారట. పెళ్లికొడుకు దిగి తోశాడట.

క్లచ్చి ప్లేటు, రేడియేటరు కలిపి 780. ఆయనకి తొంభై ఐదు. తమ్ముడికి అదే లెక్క. మరి యాభై ఐదు మిగిలింది కదప్పా అని పొంగిపోయాడు.

మే 9

తమ్ముడికి కారు అమ్ముతున్నారు. ఎనిమిది వేలిస్తానని తమ్ముడే అన్నాడు, ఈయన ఆరు చాలన్నారు. 26 బుధవారం మంచి రోజట, డబ్బు తెస్తాడు. మీకు బెంగగా ఉండదా అని అడిగాను. నా సరదా తీరిపోనాదే, నీ తమ్ముడి బతుకు నిలబడతాది అన్నారు. అని వెళ్లి కారు కడిగారు. పొద్దున్న ఒకసారి కడిగారు అప్పటికే.

మే 13

చెప్పకపోతే తమ్ముడు ఆరు వేలూ పోసి కొంటాడు. మొదటి మూడు పెళ్లిళ్లకే మిగతా మూడు వేలూ పోతాయి. ముగ్గురు పిల్లలు వాడికి.

చెబితే ఈయన.

మే 16

వరహాలుని చెప్పమన్నాను. సెప్పనమ్మా అన్నాడు. మీరేసిన ముడి, మీ గోళ్లతోనే ఇప్పుకోండి, నా గోళ్లనిండా గ్రీజే అన్నాడు.

మే 23, సాయంత్రం ఆరు

చెప్పేశాను.

ఇంట్లో చెప్పాలంటే ఆయన ముఖంలోకి చూడాలి. నడుపుతుంటే రోడ్డు కేసి చూస్తారు కదా అని, నన్ను యారాడ కొండ దాకా తిప్పండి అన్నాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరమేమోనని. నేను ఆ కారు ఎక్కడం ఇదే మొదలు. చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని కూచున్నాను. కాళ్ల కింద చిల్లులోంచి రోడ్డు పరుగెడుతోంది. దేవుడి పేర్లన్నీ అయిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాను. ఆయన ఒకటే కబుర్లు. ఏ మలుపులో ఏ గేరో, ఇంజను ఎలా పలుకుతోందో. చెప్పబోయిన ప్రతిసారీ ఇంకో మలుపు వచ్చింది.

కొండ మీద ఇంజను చల్లారడానికి ఆపారు. కింద సముద్రం, రేవులో బెర్తు ఖాళీ కోసం ఆగిన ఓడలు. గేరుబాక్సు అరవై కాదండీ, ఆరువందల ఇరవై అన్నాను. తరవాత బ్యాటరీ. టైర్లు. క్లచ్చి. ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన ఓడల కేసే చూస్తున్నారు. డబ్బెక్కడిదని అడిగారు. మూడో డబ్బాలోది అన్నాను. ఎంత మిగిలిందన్నారు. నూట పది.

ఇంజను చల్లారిందో లేదో దిగి చూశారు. ఆ తరవాత, అయితే ఇప్పుడు మనం సావడానికి కూడా నేదన్నమాట అన్నారు. నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు.

దిగేటప్పుడు ఎంత మెల్లగా నడిపారంటే, సైకిలు వాడు దాటిపోయాడు.

మే 26

తమ్ముడు తమలపాకులు, అరటిపళ్లు, తుండుగుడ్డలో డబ్బు తెచ్చాడు. జోగమ్మ, వాళ్లాయన కూడా చూడ్డానికి వచ్చారు.

ఈయన నిలబడే చెప్పారు. వీర్రాజూ, నాను నీకు తప్పుడు లెక్క సెప్పినాను, ఈ కారు నెలకి మూడొందలు తింటాది, గొప్పలకి పోయి తగ్గించి సెప్పినాను, నువ్వు కొనకు అన్నారు. నా పేరే ఎత్తలేదు.

తమ్ముడి ముఖం నల్లబడిపోయింది. భూమి పోగొట్టుకొచ్చినోణ్ని, నీ గొప్పలకి నా పిల్లల కూడు కూడా ముంచీసేవోడివి కదా, ఇంకెప్పుడూ బావా అని పిలవను నిన్ను అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. తలుపు వెనక నుంచి నేను గడప దాటాను, నాదే తప్పని చెప్పడానికి. ఈయన అరచెయ్యి అడ్డంగా చూపించారు. క్రేను కింద సరుకు ఊగుతుంటే ఆపమని చూపిస్తారే, అలాగ. నా కాలు ఆగిపోయింది.

మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లాడు తమ్ముడు. అరటిపళ్లు అక్కడే ఉన్నాయి.

జూన్ 2

కారు మీద టార్పాలిన్ కప్పారు. తాళ్లు కట్టారు.

జూన్ 11

గోడ.

జూన్ 15

వేడినీళ్లు అంటే ఊఁ. అన్నం అంటే ఊఁ. కోపమైతే తిట్టమన్నాను. కోపం నేదే అన్నారు. ఏడాది పొడుగునా రాజులాగ తిరిగినాను, అది నీ కట్టెల డబ్బుతో తిరిగినానని తలుచుకుంటే సిగ్గుగా ఉన్నాది అన్నారు. నాకు ఆ ఏడాదే కావాలని చెప్పాలనుంది. ఇక్కడ రాస్తున్నాను. మీరు పాడుకుంటూ గుమ్మంలోకొచ్చిన సాయంత్రాలు ఎన్ని కట్టెలకైనా సరిపోతాయి.

జూన్ 20

ఆయనకి చెప్పకుండా బస్సెక్కి దువ్వాడ వెళ్లాను. ఒంటరిగా బస్సెక్కడం నా జన్మలో రెండోసారి. టిక్కెట్టు చెమటకి తడిసి ముద్దయింది.

తమ్ముడికి అంతా చెప్పాను. అబద్ధం నాది, ఆయన నిజంగా నలభయ్యే అనుకున్నారని చెప్పాను. వాడు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. అయితే బావ నిన్ను కాయడానికి నా సేత అన్ని తిట్లు తిన్నాడేటప్పా అన్నాడు. మరదలు లోపల్నుంచి, తిట్టడం మీకు బాగా వచ్చులెండి అంది.

జూన్ 27

తమ్ముడు పొద్దున్నే దిగాడు. ఈయన దగ్గరికెళ్లి గోడకీ ఆయనకీ మధ్య కుర్చీ వేసుకుని కూచున్నాడు. బావా అన్నాడు. ఈయన తలెత్తలేదు. మళ్లీ బావా అన్నాడు. నిన్ను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోడం రాదు గానీ ఒక మాట సెప్తాను ఇను. మీ ఇద్దరి కట్టెలూ నాను కొంతాను. పదో రోజు, పన్నెండో రోజు, గారెలు, బూరెలు, అన్నీ నాయే. నా పేరు ఆ డబ్బా మీద రాసుకోమను అప్పని. బతికున్నన్నాళ్లు పెట్రోలు మాత్రం మీరు కొనుక్కోండి, నాను పొయ్యను.

ఈయన పెదాలు కదిలాయి. గారెల్లో ఉల్లిపాయ ఎయ్యకు అన్నారు.

అలాంటి మాటలు పొద్దున్నే ఏమిటని నేను ఇద్దర్నీ కేకలేశాను. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

జులై 4

ఈయన వరహాలు దగ్గర బిల్లు కాయితం మీద రాయించుకుని తెచ్చారు. బ్రేకు సిలిండరు, 115. నా చేతిలో పెట్టి, సదువు అన్నారు. రెండుసార్లు చదివాను. పెద్ద రిపేరు వస్తే డబ్బు పోగయ్యేదాకా ఆగాలి, మూడు డబ్బాల్లో దేనిమీదా చెయ్యి వెయ్యకూడదు, ఆదివారం ఒక్కరోజే తియ్యాలి, నేను పక్కన కూచోవాలి. టార్పాలిన్ విప్పడానికి ఇవీ ఆయన షరతులు. ఆఖరిది ఎందుకన్నాను, నాకు భయం కదా. నువ్వు భయపడితే నాను మెల్లగ తోల్తాను, బ్రేకుల కరుసు తగ్గుతాదే ఆదిలచ్చిమీ అన్నారు.

జులై 18

యారాడ కొండ మీద వాన అందుకుంది. టాపు వెయ్యమని నేను అనలేదు. ఆయనా వెయ్యలేదు.