మబ్బు రోజున అజాన్

సెఫ్రూ,
రంజాన్ ఇరవై రెండో రోజు

ప్రియమైన రహ్మా అక్కకి,

టాంజియర్‌లో బావా, పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఇక్కడి కులాసా అడక్కు. మన సందులో నేను తలెత్తుకుని నడిచి మూడు రోజులయింది.

ఆదివారం మబ్బు పట్టి పొద్దెక్కడుందో తెలియలేదు. అందరూ హరీరా చారు గిన్నెలు ముందు పెట్టుకుని, అజాన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. అప్పుడు మన తమ్ముడు ద్రిస్ డాబా ఎక్కి అజాన్ ఇచ్చాడు. వాడి గొంతు నీకు తెలుసుగా, మసీదులో ముసలాయన గొంతుకన్నా నయం. సందు సందంతా ఖర్జూరం నోట్లో వేసుకుంది. అసలు అజాన్ పావుగంట తరవాత వినబడింది.

ఇక చూడు! ఎదురింటి పెద్దావిడ లల్లా హనియా చేతిలో గరిటెతోనే వచ్చింది. "పొద్దు గుంకకుండానే తినిపించి మా రోజా ఉపవాసం మట్టిపాలు చేశాడు పిచ్చి సన్నాసి!" రొట్టెల బట్టీ హమ్మాద్ వాణ్ని చొక్కా పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చుకొచ్చాడు. వాడేమో నవ్వుతున్నాడు. "అందరికీ దాహమేస్తోంది కదా మావా, అందుకని పొద్దుని నేనే తొందరగా పంపించేశా" అన్నాడు.

"వాడికి మాత్రలివ్వట్లేదటే?" అని హనియా నన్ను నిలదీసింది.

"వేళకే ఇస్తున్నా లల్లా, వాడికే పనిచెయ్యట్లేదు" అన్నాను. తమ్ముడు నా మొహంలోకి చూశాడు.

అక్కా, నేను చెప్పింది అబద్ధం. మొదటి రోజా నుంచీ మధ్యాహ్నం మాత్ర ఆపేసింది నేనే. వాడికి ఉపవాసం పనికిరాదని, నీళ్లు తాగుతూ ఉండాలని డాక్టరు చెప్పాడు. రోగికి మినహాయింపు ఉందని ఇమాంగారూ చెప్పారు. కానీ నిరుడు వాడు పట్టపగలు రొట్టె తింటుంటే హనియా చూసి ఊరంతా టాంటాం వేసింది. "ఈ ఏడైనా నలుగురిలా ఉపవాసం ఉండనీ, నాన్న పేరు నిలబడుతుంది" అని నువ్వూ రాశావు. నీ మీదికి నెట్టడం లేదు, మాత్రల డబ్బా దాచిన చేతులు నావే. మొదటిరోజు వాడు అడిగాడు కూడా. "అక్కా, మధ్యాహ్నం మాత్రేదీ?" "మగాడివి కాదూ, ఓర్చుకో" అన్నాను. వాడు ఓర్చుకున్నాడు.

ఇప్పుడు మళ్లీ ఇస్తున్నాను. కానీ డాక్టరు దగ్గరా అదే అబద్ధం ఆడాను. మందు పారడం లేదనుకుని, పండగ వెళ్లిన మూడో రోజున వాణ్ని దూరంగా పెద్దాసుపత్రికి పంపిస్తానన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. నిజం చెబితే వాడు ఇంట్లో ఉంటాడు, నా పరువు పోతుంది. అది తెలిసి కూడా నోరు పెగలడం లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఏం చెయ్యను?

నీ చెల్లెలు
బతూల్


టాంజియర్,
ఇరవై ఐదో రోజు

నా తల్లీ బతూల్,

తిడతాననుకున్నావు కదూ? తిట్టే నోరు నాకు లేదు.

రెండోవాడు పుట్టాక నేను నెల్లాళ్లు మంచం దిగలేదు. బాలింత నీరసమని మీ బావ మీకు రాశారు. ఆ తరవాత అత్తగారు ఊళ్లో లేని వారం రోజులు నిద్రపోకుండా నవ్వుతూ, చెప్పుల్లేకుండా బజార్లు తిరిగాను. అది మీకు రాయలేదు. ద్రిస్‌కి ఉన్నదే నాకూ ఉంది. పన్నెండేళ్లుగా అవే మాత్రలు మింగుతున్నాను. మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. అత్తగారికి కడుపుమంట మందని చెప్పాం. ఈ పన్నెండేళ్లలో నేను ఒక్క రోజా ఉండలేదు. మధ్యాహ్నం స్నానాలగది గడియ వేసుకుని మాత్ర మింగుతాను. సాయంత్రం అందరితోపాటు ఖర్జూరం అందుకుని, "అబ్బ, ఇవాళ నాలిక పిడచకట్టుకుపోయింది" అంటాను.

అలాంటిదాన్ని, వాణ్ని ఉపవాసం ఉండనీ అని నీకు రాశాను. నాన్న పేరు కోసం కాదే. ఈ జబ్బు మన రక్తంలోనే ఉందని మా అత్తవారికి అనుమానం రాకూడదని. డబ్బా నువ్వు దాచావు. దాయించింది నేను.

పండగ రెండోరోజు బస్సుకి వస్తున్నాను. మర్నాడు డాక్టరు దగ్గర నీది నువ్వు చెప్పు. నీ పక్కనే కూర్చుని నాది నేను చెబుతాను. హనియా సంగతి తరవాత చూద్దాం.

అంతవరకూ ఆగకుండా ఈ ఉత్తరం ద్రిస్‌కి చదివి వినిపించు. వాడికి మొదటిసారి జబ్బు చేసినప్పుడు చూడటానికి వచ్చాను కదా. "నాకొక్కడికే ఎందుకిలా అక్కా?" అని ఏడ్చాడు. నా సంచిలో అవే మాత్రలున్నాయి. "మనింట్లో ఇలాంటిది ఎవరికీ లేదురా" అన్నాను. అక్క అబద్ధం చెప్పిందని చెప్పు.

మీ అక్క
రహ్మా