రూతు చెవిలో పిన్ను పెట్టొద్దు

లూదియాకు, ఆళ్లగడ్డ నుంచి మీ అమ్మ రాసేది. ప్రభువు దయవల్ల ఉండాను.

పాప రూతు చెవిలో గుబిలి గట్టిపడింది, పిన్నుతో తీస్తానని రాసినావు. వద్దు తల్లీ. మీ నాయన పోయినాక నా చెవి మూసుకుంటే పక్కింటి సరోజమ్మ పిన్ను పెట్టె, గుబిలి ఇంకా లోపలికి పాయె. "అది చెవా, పూడిక తీసే బాయా? పొర చినిగితే చెవుడే" అని డాక్టరమ్మ తిట్టింది. ఆమె నాకు చెప్పినట్టే గోరువెచ్చని నూనె రెండు చుక్కలేసి పక్కకు పండుకోబెట్టు. నాలుగు దినాల్లో మెత్తబడి అదే వస్తాది. చీము, నొప్పి ఉంటే నూనె కూడా వద్దు, నంద్యాల ఆస్పత్రికి పిల్చుకపో.

బస్సులో పంపిన చింతపండు అందిందా?

అప్పుడు చెవి మూసుకున్నందుకే మీ నాయన దగ్గు వినపడల్యా అనుకుంటా ఉంటి. ఇప్పుడు బల్లి అరిచినా వినపడతాంది, ఆ దగ్గు మాత్రం లేదు. రూతు చెవి బాగైతానే పాపను పిల్చుకొని రా. ఇంట్లో ఒక గొంతు వినపడాల.

అల్లునికి వందనాలు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాల.

మీ అమ్మ దెబోరా