చేపల గది ఖాళీ చేయించిన రోజు

నాన్నకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, గాజు తొట్లలోని నా చేపలూ అందరం కులాసా. అక్కడ నువ్వూ, అమ్మా, చెల్లీ, నీ పాత కుట్టుమిషనూ కూడా కులాసాగానే ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. అందులో సగం ప్రశ్నలే. ముందు వాటి సంగతి చూస్తాను. లేకపోతే మళ్ళీ ఉత్తరంలో అవే ప్రశ్నలు ఎర్ర సిరాతో రాస్తావు.

వేళకు తింటున్నాను. చిక్కిపోలేదు. నువ్వు కుట్టి పంపిన తెల్లకోటు నడుం దగ్గర కాస్త బిగుతైంది కూడా. దానికి లోపలివైపు పెట్టిన దొంగజేబు చూసి ఇక్కడ అందరూ కుళ్ళుకుంటున్నారు. మా డైరెక్టరుగారైతే, "మీ నాన్నగారు నాకూ ఒకటి కుడతారేమో కనుక్కోమ్మా" అన్నారు. కొలతలు ఇవ్వమన్నాను. భుజాలు, చేతులు చెప్పారు గాని, పొట్ట దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేశారు.

రిసెప్టర్ అంటే ఏమిటని దుకాణానికి వచ్చిన లెక్కల మాస్టారు అడిగితే తెల్లమొహం వేశానని రాశావు. నీ భాషలోనే చెబుతాను. మెదడులోని కణానికి ఒళ్ళంతా సన్నటి కాజాలు ఉన్నాయనుకో. పక్క కణం నుంచి గుండీ లాంటిది ఒకటి వచ్చి అందులో దూరుతుంది. ఈ కణం ఉలిక్కిపడి ఇంకో కణానికి కబురు చెబుతుంది. పని కాగానే గుండీ ఊడిపోతుంది. ఆ కాజాయే రిసెప్టర్. నువ్వు సూదిలో దారం ఎక్కించినా, అమ్మ నిన్ను కేకలేసినా, లోపల జరిగేది ఇదే. అయితే కొన్ని విషాలు ఉంటాయి. అవి అచ్చం గుండీలాగే వచ్చి దూరతాయి, ఓ పట్టాన ఊడిరావు. ఆ కణం అరుస్తూనే ఉంటుంది, పక్కవాటి చేతా అరిపిస్తుంది. మెదడంతా ఒక్కసారిగా కేకలు పెడితే అదే ఫిట్స్. అలా అరిచి అరిచి కొన్ని కణాలు చచ్చిపోతాయి కూడా.

సముద్రపు నాచులో దొరికే అలాంటి విషమొకటి తెల్లటి పొడి రూపంలో మా దగ్గర ఉంది. వేలిగోరంత కూడా లేని చేపపిల్లలకు అది రవ్వంత ఇస్తే ఫిట్స్ వస్తాయి. దాన్ని ఆపే మందు వెతకడం నా పని. కాజాను మొత్తం కుట్టేస్తే ప్రాణి మొద్దుబారిపోతుంది. కుట్టకుండా వదిలేస్తే అరుపులు ఆగవు. సగం మూసే మందు కావాలి. సంతోషం ఏమిటంటే, పోయిన నెల ఒక మందు పనిచేసింది నాన్నా! గిలగిల్లాడిన చేపపిల్లలు కాసేపటికి సర్దుకుని, ఏమీ ఎరగనట్టు తొట్టిలో షికార్లు మొదలుపెట్టాయి. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉందిలే.

ఆ పొడిని తూచి ఇచ్చే పెద్దాయన్ని మేం తూకం మాస్టారు అంటాం. త్వరలో రిటైరవుతున్నారు. ఊపిరి బిగబట్టి తూస్తారు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మితే రెండు రోజులు మాట్లాడరు. ఇన్నేళ్ళలో ఒక్క రవ్వ కింద పడలేదని ఆయనకు గర్వం, మాకు ధైర్యం.

ఇక్కడ కాసేపు కలం పక్కన పెట్టి, మళ్ళీ తీశాను. నువ్వు అన్నిటికన్నా ముందు అడిగి, మడత పెట్టినట్టు చిన్న అక్షరాల్లో రాసిన ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. "అది మళ్ళీ ఏమైనా వచ్చిందా?" అని కదా అడిగావు.

వచ్చింది నాన్నా. అందరి ముందూ వచ్చింది. కంగారుపడకు, ఇప్పుడు బాగున్నాను, ముందు మొత్తం చదువు.

మందు పనిచేసిన సంబరంలో ఆ వారమంతా నాకు నిద్ర సరిగా లేదు. ఒక ఉదయం చేపల గదిలో డైరెక్టరుగారికి తొట్టి చూపిస్తూ ఉన్నాను. అంతవరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి బయట పచ్చిక మీద, స్ట్రెచర్ మీద ఉన్నాను. బిల్డింగులో ఉన్నవాళ్ళంతా ఎండలో నిలబడి ఉన్నారు. గేటు దగ్గర ఫైరింజను. మొహానికి పెద్ద ముసుగు తగిలించుకుని సేఫ్టీ ఆఫీసరు, అచ్చం సముద్రంలోకి దూకబోతున్నవాడిలా ఉన్నాడు. విషప్పొడి గాల్లో కలిసిందని, అది పీల్చి నేను పడిపోయానని అందరి నమ్మకం. నువ్వు నమ్మవుగాని, ఇంతమంది ఫిట్స్ మీద పరిశోధన చేసేవాళ్ళం ఉన్నామా, మనిషికి వస్తే ఏం చేయాలో ఒక్కరికీ తోచలేదట. ఒకరు చెంచా తెచ్చి నోట్లో పెట్టబోయారట, ఒకరు మొహాన నీళ్ళు కొట్టారట. చివరికి డైరెక్టరుగారే తేరుకుని, "ముందు పక్కకు తిప్పండయ్యా!" అని అరిచారట.

ఆ ముసుగు చూసి నాకు నవ్వొచ్చింది గాని, అంతలో తూకం మాస్టారు కనిపించారు. మెట్టు మీద కూర్చుని తన చేతులు తనే చూసుకుంటున్నారు. సేఫ్టీ ఆఫీసరు ఆయన ముందు నిలబడి, "విచారణ అయ్యేదాకా మీరు ఇంటి దగ్గరే ఉండండి. తాళాలు ఇచ్చేయండి" అంటున్నాడు.

"ఒక్క రవ్వ జారలేదండీ" అన్నారు మాస్టారు. మళ్ళీ తనే, "జారిందేమో మరి. వయసు మీద పడింది కదా, నాకే తెలియలేదేమో" అన్నారు.

నేను నోరు మూసుకుంటే చాలు నాన్నా. కళ్ళు తిరిగాయనో, ఎండదెబ్బ అనో చెప్పాలని చిన్నప్పుడు నువ్వు నేర్పావు. ఇప్పుడు అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు, వాళ్ళే నా కోసం ఒకటి తయారుగా పెట్టారు. కానీ ఆ మనిషి తాళాల గుత్తి తీసి ఇవ్వబోతుంటే చూడలేకపోయాను.

"ఆయన తప్పేమీ లేదు. నాకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను. ఈ వారం నిద్ర చాలక వచ్చింది" అన్నాను. నాలుక కరుచుకున్నాను కాబట్టి మాట ముద్దగా వచ్చింది. అయినా అందరికీ వినబడింది.

సేఫ్టీ ఆఫీసరు ముసుగు పైకెత్తి, "మరి ఫైరింజను?" అన్నాడు.

"టీ ఇచ్చి పంపించు" అన్నారు డైరెక్టరుగారు. తర్వాత నా పక్కన పచ్చికలోనే చతికిలబడి, గొంతు తగ్గించి, "మేమంతా రోగులు, రోగులు అని మాట్లాడుతుంటే ఇన్నేళ్ళూ మా మధ్య ఎలా కూర్చున్నావమ్మా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. గుండె తేలికపడ్డాక వస్తుందే, అలాంటిది.

ఉద్యోగానికి ఢోకా లేదు. డాక్టరు మాత్ర మోతాదు మార్చాడు, నిద్ర తగ్గితే ఊరుకోనన్నాడు.

తూకం మాస్టారు మాత్రం నామీద అలిగారు. "ఇంతకాలం చెప్పకపోవడమేంటమ్మా? పదునైన మూలలున్న బల్లల మధ్య తిరిగే పిల్లవి! తల తగిలితే?" అని కేకలేసి వెళ్ళిపోయారు. మర్నాడు వెళ్ళేసరికి చేపల గదిలో ఒక్క మూల వదలకుండా బల్లలన్నిటికీ మెత్తటి స్పాంజి కట్టి ఉంది. అన్నీ ఒకే కొలత, ఒకే ముడి. రోజూ మోకాలు కొట్టుకునే డైరెక్టరుగారు ఇప్పుడు అందరికన్నా సుఖపడుతున్నారు. మాస్టారు మాత్రం నన్ను చూడనట్టు నటిస్తూ ఊపిరి బిగబట్టి పొడి తూస్తున్నారు.

నువ్వు దాచమన్నది నామీద ప్రేమతోనే. నన్ను ఎవరైనా ఒక మాట అంటారేమోనని నువ్వు పడ్డ భయం నాకు తెలుసు. ఇక ఆ బరువు దించెయ్ నాన్నా. అమ్మ కంటికి ఆపరేషనయింది కదా, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించాలి. నా జబ్బు మాట వచ్చినప్పుడల్లా నువ్వు లేచి కిటికీ మూస్తావు. ఈసారి తెరిచే ఉంచు. పక్కింటివాళ్ళకు వినబడేలా చదువు.

ఇట్లు,
హాయిగా నిద్రపోతున్న
నీ పెద్దమ్మాయి